పంజరం దీపం

జురాంగ్ వెస్ట్, సింగపూర్
3 ఫిబ్రవరి 2024

భానూ,

ఇక్కడ నలుగురం కులాసాగా ఉన్నాం. నా ఎడమ మోకాలు ఒక్కటే మెట్లు చూస్తే మొహం చాటేస్తోంది. ఈ ఊళ్ళో మెట్లతో పనిలేదు కాబట్టి దాన్ని బతిమాలడం మానేశాను. ఫోనుండగా ఇంకా ఉత్తరాలేంటని మా మనవరాలు దీక్షిత నవ్వుతోంది. ఫోన్లో మీ ఇంటి టీవీ, మా ఇంటి మిక్సీ మాట్లాడుకుంటాయి గాని మనం ఎక్కడ మాట్లాడుకున్నాం? మనకి ఇదే నయం.

వచ్చి ఏడు నెలలైంది. పొద్దున్నే శ్రీజ వన్-నార్త్‌లో ఆఫీసుకి, అల్లుడు చక్రధర్ బ్యాంకుకి, దీక్షిత బడికి వెళ్ళిపోతారు. మొదట్లో నేను కిటికీ దగ్గర కూచుని కింద పోయే బస్సులు లెక్కపెట్టేవాణ్ణి. ముప్పై నాలుగేళ్ళు బస్సులకి సీట్లు కట్టిన చేతులు, ఊరికే ఉండమంటే ఉంటాయా?

ఒకరోజు కిందికి దిగితే, స్తంభం పక్కన ఎవరో పారేసిన సొరుగు కనపడింది. బీరువా లేదు, సొరుగొక్కటే. ఇక్కడివాళ్ళు అక్కర్లేనివి అలా కింద పెట్టేస్తారు. కావలసినవాళ్ళు తీసుకుపోతారు, లేదంటే చెత్తబండి తీసుకుపోతుంది. చేతిలోకి తీసుకుంటే అసలు సిసలు టేకు! పైకి తెచ్చి గీకి, మధ్యలో రెండు అడ్డ చెక్కలు వేసి, వంటింటి గోడకి బిగించాను. పోపు డబ్బాలన్నీ ఇప్పుడు అందులోనే. తరవాత అల్లుడి పాత జీన్సు ప్యాంట్లు మూడు జడలల్లి చుట్టి, కాళ్ళు తుడుచుకునే పట్టా చేశాను. వాడిన వస్తువులు అమ్మే దుకాణం బూన్ లేలో ఒకటి కనిపెట్టాను. అందులో దూరితే నాకు మధ్యాహ్నం భోజనం గుర్తుండదు.

శ్రీజకే ఇది గిట్టడం లేదు. మొన్న నేను విరిగిన స్టూలు పట్టుకుని లిఫ్టెక్కితే ఎదురు ఫ్లాటావిడ చూసిందట. "నాన్నా, నీకేం కావాలన్నా కొత్తది కొంటాను కదా. మన ఇంట్లో ఏమీ లేదనుకుంటారు" అంది. కొనుక్కోవడానికి కాదమ్మా, చేసుకోవడానికని చెబుదామనుకున్నాను. అది అప్పటికే ఫోన్లో మీటింగులోకి వెళ్ళిపోయింది.

బావగారిని అడిగానని చెప్పు.

మీ అన్నయ్య
కేశవరావు


తెనాలి
17 ఫిబ్రవరి 2024

అన్నయ్యా,

నీ ఉత్తరం మీ బావగారికి చదివి వినిపించాను. సొరుగు దగ్గరికి వచ్చేసరికి "టేకే?" అని లేచి కూచున్నారు. మిగతాదంతా పడుకునే విన్నారు.

ఆ జీన్సు పట్టా ఎలా చేశావో వివరంగా రాయి. నేనూ పక్కింటి రత్తమ్మా ఇక్కడ బియ్యం సంచులతో కూరగాయల సంచులు కుడుతున్నాం. లోపల పాత లంగా గుడ్డ లైనింగు వేస్తే ఎంత బలమొచ్చిందో! రత్తమ్మ కుట్టు మాత్రం ఉత్తరానికి మొదలై దక్షిణానికి తేలుతుంది. ఏమీ అనలేను. కుట్టేటప్పుడు పాడుతుంది, ఆ పాట కోసం ఓర్చుకుంటున్నాను.

శ్రీజని తప్పు పట్టకు. చిన్నప్పుడు నువ్వు బస్సు సీటు రెగ్జిన్‌తో దానికి స్కూలు సంచి కుట్టిచ్చావు, గుర్తుందా? క్లాసులో అందరూ దాన్ని "కండక్టర్" అన్నారు. వారం రోజులు బడికి పోనని ఏడ్చింది. నువ్వు అప్పటికే డ్యూటీకి పోయేవాడివి, నీకు తెలియదు. వదిన నీకు చెప్పొద్దంది.

మన పిల్లి మీ బావగారి పాత సూట్‌కేసులో నాలుగు పిల్లల్ని పెట్టింది. ఇప్పుడాయన బట్టలన్నీ కుర్చీ మీద ఉన్నాయి.

నీకక్కడ బాగానే ఉంది కదా? ఉన్నదున్నట్టు రాయి. ఉత్తరంలో నువ్వు అబద్ధమాడితే నాకు తెలిసిపోతుంది.

నీ చెల్లెలు
భానుమతి


జురాంగ్ వెస్ట్
2 మార్చి 2024

భానూ,

ఈ ఉత్తరం పోస్టులో కాదు, మనిషి చేత పంపుతున్నాను. శ్రీజ ఆఫీసులో పనిచేసే బాలు వచ్చేవారం గుంటూరు వస్తున్నాడు. అతని చేతే నీకొక జీన్సు పట్టా కూడా. దాన్ని విప్పి చూస్తే ఎలా చేశానో నీకే తెలుస్తుంది, రాయడమెందుకు? మూడు వేళ్ళ వెడల్పు పేలికలు కత్తిరించి, జడ అల్లి, చుట్టచుట్టూ దబ్బనంతో కుట్టాలి. ఒక్క జాగ్రత్త: కుట్టు బిగిస్తే పట్టా గిన్నెలా లేస్తుంది. వదులుగా కుట్టు.

స్కూలు సంచి సంగతి ఇన్నేళ్ళకి చెప్పావు. రెండు రోజులు అదే ఆలోచించాను.

ఇప్పుడు అసలు విశేషం. పోయిన ఆదివారం కింద స్తంభం దగ్గర విరిగిన ఫ్యాను, అట్టపెట్టెలు, వాటి పక్కన ఒక పిట్టల పంజరం కనపడ్డాయి. వెదురుది. ఒక్కో పుల్లా చీపురుపుల్ల కంటే సన్నం, అన్నీ ఒకే మందం, ఎక్కడా మేకు లేదు. పైన ఇత్తడి కొక్కెం. పిట్ట లేదు, నీళ్ళ గిన్నె లేదు. కాస్త తడిగా ఉంది, వాన జల్లు కొట్టి ఉంటుందనుకున్నాను. ఇంత పనితనం చెత్తబండి పాలవుతుందా అని పైకి తెచ్చేశాను.

అడుగున నాలుగు పుల్లలు కోసి బల్బు హోల్డరు దూర్చాను. బూన్ లే దుకాణంలో కొన్న పాత పువ్వుల బాతిక్ లుంగీని లోపలివైపు గుండ్రంగా కుట్టాను. సాయంత్రం స్విచ్చి వేస్తే, భానూ, హాలు గోడల మీద పువ్వులు పడ్డాయి!

శ్రీజ ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. "నాన్నా, ఇది నువ్వే చేశావా?" అంది. చెప్పులు విప్పకుండా లోపలికొచ్చి దాని చుట్టూ తిరిగింది. ఫొటోలు తీసి స్నేహితులకి పంపింది. నేను చేసినది ఒకటి నా కూతురు పదిమందికి చూపించడం ఇదే మొదలు. ఇప్పుడది హాలు మధ్యలో వేలాడుతోంది. దీక్షితైతే ఇక్కడి యాసలో "తాతా, సో నైస్ లా, సెల్ చెయ్యొచ్చు" అంటోంది.

ఉంటాను.

అన్నయ్య


జురాంగ్ వెస్ట్
19 మార్చి 2024

భానూ,

బాలు వచ్చి ఉత్తరం ఇచ్చే ఉంటాడు. పంజరం సంగతి నీకు తెలిసే ఉంటుంది, మళ్ళీ రాయను.

నాకు మనసేమీ బాగాలేదు. పంజరం నాకు నేనుగా తెచ్చుకున్నదే, ఎవర్నీ అనడానికి లేదు. రోజంతా హాల్లో కూచుంటే అదే కళ్ళెదుట ఉంటుంది. అన్నం కూడా వంటింట్లో నిలబడి తింటున్నాను. శ్రీజకి చెబుదామని నోటిదాకా వస్తుంది. కాని అదెంత మురిసిపోతోందో చూశాక చెప్పబుద్ధి కాదు. దాని సంతోషం పాడుచేసినవాణ్ణవుతాను.

అబద్ధం కూడా ఆడాను. ఈ వయసులో, మనిషి మొహం చూస్తూ.

ఇందులోంచి ఎలా బయటపడాలో నీకేమైనా తోస్తే రాయి.

అన్నయ్య


తెనాలి
1 ఏప్రిల్ 2024

అన్నయ్యా,

నీ ఉత్తరం పన్నెండింటికి వచ్చింది. ఒంటిగంటకి నేను శ్రీజకి ఫోను చేశాను. నీకు చెయ్యలేదు. ఫోన్లో నువ్వు నిజం చెప్పవు.

ఏ బాలూ రాలేదు, ఏ ఉత్తరమూ తేలేదు. అయినా పంజరం అంటే నాకు వివరం కావాలా? నువ్వు మొదటి ఉత్తరంలో కిటికీ దగ్గర కూచుని బస్సులు లెక్కపెడుతున్నానని రాసినప్పుడే నాకు తట్టింది. కులాసా అని నాకు రాశావు, వాళ్ళకీ మొహం చూసి అదే చెప్పి ఉంటావు. అదేగా నువ్వాడిన అబద్ధం? ఆ సొరుగులు, పట్టాలు అన్నీ నన్ను మభ్యపెట్టడానికేగా? నిలబడి అన్నం తింటున్నావా! వదిన ఉంటే ఆ మాట చదివి ఏమయ్యేది?

శ్రీజని గట్టిగానే అడిగాను. "మా అన్నయ్యని పంజరంలో పెట్టుకుని మీరు మురిసిపోతున్నారట, అదేం పెంపకమే" అన్నాను. అది "అత్తా, ఏంటత్తా, ఏమన్నాడు?" అంటోంది. "మీ నాన్ననే అడుగు" అని పెట్టేశాను.

నువ్వు బయలుదేరి వచ్చెయ్యి. నువ్వు బరువేం కాదు నాకు. వీధివైపు గది ఖాళీ చేయించాను. పిల్లి కుటుంబాన్ని అరుగు మీదికి మార్చాను. నీ మోకాలికి మెట్లు లేవు. కిటికీ పక్కన బల్ల వేయించాను, నీ పనిముట్లు పెట్టుకోవడానికి. మీ బావగారు నీకోసం టేకు చెక్క ఎక్కడ దొరుకుతుందో అప్పుడే వాకబు చేస్తున్నారు.

ఎప్పుడొస్తావో రాయి.

భాను


జురాంగ్ వెస్ట్
6 ఏప్రిల్ 2024

భానూ,

నీ ఉత్తరమేదైనా వస్తుంటే అదింకా దారిలో ఉంది. నీ ఫోను మాత్రం వచ్చి చేయవలసిందంతా చేసింది. కోప్పడటానికి రాయడం లేదు. మొదట విను.

ఆరోజు శ్రీజ పెందలాడే ఇంటికొచ్చింది. నా ఎదురుగా నేల మీద కూచుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నాన్నా, నీకిక్కడ పంజరంలా ఉందా? నాకెందుకు చెప్పలేదు? అత్తకి రాశావా?" అంది.

నాకు ఒక నిమిషం అర్థం కాలేదు. అర్థమయ్యాక పైకి చూపించాను. "నేను రాసింది ఆ పంజరం గురించమ్మా."

అది తల ఎత్తి దీపాన్ని చూసింది, నన్ను చూసింది, పకపకా నవ్వింది. ఏడుస్తూనే నవ్వింది. అక్కడితో ఊరుకోవచ్చు నేను. కాని ఆ నవ్వు చూశాక ఇంక దాచలేకపోయాను, మొత్తం చెప్పేశాను. బాలు నీకింకా ఉత్తరం ఇవ్వలేదేమో, అందుకని నీకూ చెబుతున్నాను.

కింద స్తంభం దగ్గర పారేసి ఉన్న పంజరం తెచ్చి నేను దీపం చేశాను. అది పారేసింది కాదు. మా బ్లాకులోనే తొమ్మిదో అంతస్తులో కో గారని ఒక చీనా పెద్దాయన ఉన్నారు. దగ్గర దగ్గర ఎనభై ఏళ్ళు. ఆయన దాన్ని కడిగి, ఆరడానికి అక్కడ పెట్టి, టిఫిను కొట్లుండే హాకర్ సెంటర్‌లో కాఫీకి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి లేదు. పది పన్నెండు రోజులు కనపడినవాళ్ళందర్నీ అడిగారు. నన్నూ అడిగారు. "అంకుల్, యు సీ మై కేజ్?" అన్నారు, చేతులతో గుండ్రంగా చూపిస్తూ. అప్పటికది మా హాల్లో వెలుగుతోంది. పుల్లలు కోసేశాను. నేను తల అడ్డంగా ఊపి "నో" అన్నాను. ఆయన "థాంక్యూ" అన్నారు. ఆ థాంక్యూ, భానూ!

శ్రీజ నవ్వు ఆగిపోయింది. "లేదన్నావా?" అంది. అన్నానన్నాను. అది కుర్చీ ఎక్కి దీపం దింపింది. "పద నాన్నా. నేనూ వస్తా."

కో గారు తలుపు తీసి దాన్ని చూడగానే రెండు చేతులూ చాపి తీసుకున్నారు. కోసిన చోట వేలితో తడిమి చూశారు. "యు కట్?" అన్నారు. "యెస్" అన్నాను. "వై యు సే నో?" అన్నారు. నాకు బదులుగా చెప్పబోయింది శ్రీజ. నేను దాని చెయ్యి పట్టి ఆపాను. "షేమ్" అన్నాను. ఇంగ్లీషులో నాకింకేమీ రాలేదు. తెలుగులో అడిగినా అంతకంటే ఏం చెబుతాను?

ఆయన పంజరంతో లోపలికి వెళ్ళి తలుపు వేసేశారు. లిఫ్టులో శ్రీజ నా చెయ్యి వదల్లేదు. "చిన్నప్పుడు నేను నీ సంచి దాచేశాను నాన్నా, పోయిందని చెప్పాను" అంది. రెగ్జిన్ సంచి. పిల్లలు వెక్కిరించిన సంగతి నువ్వు రాసేదాకా నాకు తెలియదని దానికి తెలియదు. సంచి నిజంగా పోలేదని ఆరోజుదాకా నాకు తెలియదు.

మర్నాడు పొద్దున కిందికి దిగితే కో గారు స్తంభం దగ్గర బల్ల మీద కూచుని ఉన్నారు. పక్కన పంజరం, దాని మీద నా లుంగీ గుడ్డ నీటుగా మడతపెట్టి ఉంది. కాళ్ళ దగ్గర వెదురు ముక్కలు. "యు కార్పెంటర్?" అన్నారు. బస్సు సీట్లు అన్నాను. "యు బ్రేక్, యు మేక్" అని చిన్న కత్తి నా చేతికిచ్చారు.

రోజూ వెళుతున్నాను. ఇప్పుడు చెప్పు, నేనెక్కడ పంజరంలో ఉన్నాను?

అన్నయ్య


తెనాలి
20 ఏప్రిల్ 2024

అన్నయ్యా,

సిగ్గుతో ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టాను. ఉగాది మర్నాడు బాలు వచ్చాడు, నీ పాత ఉత్తరమూ జీన్సు పట్టా పట్టుకుని. ప్రయాణం వాయిదా పడిందట. నేనతన్ని గుమ్మంలోనే నిలబెట్టి చదివాను. "గోడల మీద పువ్వులు పడ్డాయి" అన్నచోటికి వచ్చేసరికి నాకు చెమటలు పట్టాయి. నేను శ్రీజని అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పాపం బాలు ఎంత సేపు నిలబడ్డాడో! తరవాత రెండు కప్పుల కాఫీ ఇచ్చాను. వారం తిరిగేసరికి నీ ఆరో తేదీ ఉత్తరం వచ్చింది.

శ్రీజకి ఫోను చేసి తప్పయిందన్నాను. "నువ్వు తిట్టకపోతే నాన్న చెప్పేవాడు కాదు అత్తా, ఏడాదికొకసారి ఇలా ఫోను చెయ్యి" అంది. నీ కూతురు బాగానే మాట్లాడుతుంది. నేనే దాన్ని సరిగ్గా ఎరగను.

నువ్వు లేదనడం తప్పే. పైకి తేవడం కాదు, అది పొరపాటు. లేదనడం తప్పు. నువ్వు నాకంటే పెద్దవాడివి, అయినా అంటున్నాను. వెళ్ళి ఒప్పుకున్నావు కాబట్టి ఇంక అనను.

ఇంకొకటి రాయనా? నువ్వు రావడం లేదని తెలిశాక మీ బావగారితో కలిసి నేనూ నవ్వాను. ఆ తరవాత వీధివైపు గదిలోకి వెళ్ళి కాసేపు ఆ బల్ల దగ్గర కూచున్నాను. నువ్వు కష్టంలో ఉన్నావని దిగులుపడ్డమాట నిజమే గాని, వస్తావని సంతోషించిన మాట కూడా నిజం. పదిహేను రోజులు ఆ గది ఊడుస్తూ నీకేం వండాలా అని ఆలోచించాను. ఇప్పుడు రత్తమ్మా నేనూ అక్కడే కుట్టుకుంటున్నాం. వెలుతురు బాగుంది.

పట్టా విప్పడానికి మనసొప్పలేదు. చూసే నేర్చుకున్నాను. మొదటిది గిన్నెలాగే లేచింది. అందులో ఉల్లిపాయలు పోసుకున్నాం.

భాను


జురాంగ్ వెస్ట్
8 జూన్ 2024

భానూ,

నవంబరులో వస్తున్నాను. రెండు నెలలుంటాను. టిక్కెట్టు శ్రీజ నిన్ననే తీసింది. రత్తమ్మగారిని బల్లలో సగం నాకు వదలమను. పాట మాత్రం ఆపొద్దని చెప్పు.

పంజరం పూర్తయింది. నాలుగు పుల్లలకి ఏడు వారాలు పట్టాయంటే నవ్వుతావు. నేను బస్సులు కట్టినవాణ్ణని గీర ఉండేది. అది మొదటి రోజే పోయింది. వెదురుని నిలువునా చీల్చి, కో గారి దగ్గరున్న చిల్లుల ఇనపరేకులోంచి లాగాలి. పెద్ద చిల్లు, తరవాత దానికంటే చిన్నది, ఇంకా చిన్నది. లాగిన కొద్దీ గుండ్రమవుతుంది. చివరి చిల్లు దగ్గర ఫట్టుమని విరుగుతుంది. పద్ధెనిమిది విరగ్గొట్టాను. విరిగినప్పుడల్లా ఆయన ఇంకో ముక్క చేతికిచ్చేవారు. మధ్యలో ఒకరోజు నాకు కాఫీ తెచ్చారు. ఆరోజు నుంచి ఒకరోజు ఆయనా ఒకరోజు నేనూ తెస్తున్నాం.

ఆయన పిట్ట వాళ్ళ కొత్త సంవత్సరం పండగ నాడు చచ్చిపోయిందట. ఆకుపచ్చది, కళ్ళ చుట్టూ తెల్లటి చుట్టు ఉంటుంది. మలయ్‌లో దాన్ని మాతా పుతే అంటారు, తెల్లకన్ను అని. పదకొండేళ్ళు ఉంది. పంజరం బాగయ్యాక కొత్త పిట్టని తెచ్చుకుంటారేమో అనుకుని అడిగాను. ఆయన చెయ్యి ఊపారు. "మీ టూ ఓల్డ్. బర్డ్ లాస్ట్ లాంగర్" అన్నారు, పిట్ట తనకంటే ఎక్కువ రోజులు ఉంటుందని. మరి ఈ శ్రమంతా ఎందుకని అడగబోయి ఊరుకున్నాను. అడగకుండానే ఆయన చెప్పారు. "ఎంప్టీ, ఆల్సో మస్ట్ బి ప్రాపర్."

పోయిన శనివారం దాన్ని పిట్టలవాళ్ళు కూడే చోటికి తీసుకెళ్ళారు. నన్నూ రమ్మన్నారు. అక్కడ ఎత్తైన కడ్డీకి వరసగా కొక్కేలు ఉంటాయి. అందరూ తలొక పంజరం తగిలించి కింద కూచుంటారు. వాళ్ళ పంజరాల మధ్య మా ఖాళీ పంజరం కూడా వేలాడింది. కొత్త పుల్లలు నాలుగూ రంగు తేలి దూరం నుంచే తెలుస్తున్నాయి. కో గారి స్నేహితులు లేచి వచ్చి చూశారు. ఆయన వాళ్ళ భాషలో ఏదో చెప్పి నావైపు చూపించారు. అందరూ నవ్వారు. ఏం చెప్పారని అడిగితే, "ఐ సే, దిస్ మై థీఫ్" అన్నారు. నేనూ నవ్వాను. ఇంట్లో చెబితే శ్రీజ ముందు కంగారుపడింది, తరవాత అదీ నవ్వింది.

హాల్లో ఇప్పుడు దీపం లేదు. దాన్ని తగిలించిన కొక్కెం ఖాళీగానే ఉంది. లుంగీ గుడ్డ దీక్షితకి దిండు గలీబు అయింది.

ఈ ఉత్తరం ఇక్కడికి ముగించి పోస్టులో వేద్దామని నిన్న కవరు కూడా అంటించాను. మళ్ళీ ఎందుకు చించానంటే, నిన్న సాయంత్రం ఆరింటికి తలుపు కొట్టిన చప్పుడైంది. తీస్తే ఎవరి మొహమూ కనపడలేదు. గుమ్మం నిండా ఒక పేము కుర్చీ ఉంది. కూచునే చోట అల్లిక తెగి చేంతాడంత పోగులు వేలాడుతున్నాయి. దాని వెనకాల నుంచి శ్రీజ, "నాన్నా, కొంచెం పట్టుకో, చేతులు లాగుతున్నాయి" అంది.

ఆఫీసు చీరతోనే, భుజాన ల్యాప్‌టాప్ సంచితో, వన్-నార్త్ నుంచి రైల్లో తెచ్చింది. శనివారం కూడా పని ఉందని వెళ్ళింది లే. దారి పొడుగునా జనం చూశారట. రైల్లో ఒకావిడ లేచి చోటిస్తే, "నో థాంక్స్, ఐ హావ్ చెయిర్" అని అందులోనే కూచోబోయిందట. కూచుంటే కిందికి జారిపోయేది. లిఫ్టులో ఎదురు ఫ్లాటావిడ కూడా కలిసింది. "మా నాన్న బాగుచేస్తారు" అని చెప్పిందట.

నేను కుర్చీ లోపల పెట్టి, చుట్టూ తిరిగి, కాళ్ళు గట్టిగా ఉన్నాయో లేదో చూశాను. ఉన్నాయి. పేము కొత్తది ఒక చుట్ట ఉంటే చాలు. "ఎక్కడిదమ్మా?" అన్నాను.

అది చెప్పులు విప్పుతూ అంది. "మా ఆఫీసు కింద కాఫీ షాపు వాళ్ళు బయట పెట్టారు. నాలుగు రోజులు చూశాను. ఇవాళ లోపలికి వెళ్ళి అడిగే తెచ్చాను నాన్నా. రెండుసార్లు అడిగాను."

మీ అన్నయ్య
కేశవరావు